విద్యార్థికి కుందేలును దత్తత ఇవ్వవచ్చా? దరఖాస్తును పరిశీలించి నిర్ణయించే విధానం

విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నవారు దత్తత కోరి వచ్చినప్పుడు ఏం చెప్పాలన్న ప్రశ్నను కుందేళ్ల సంరక్షణ కేంద్రాలు నడిపేవారూ, ఇంట్లోనే కొన్ని కుందేళ్లకు ఆశ్రయమిచ్చి వాటికి మంచి ఇళ్లు వెతికేవారూ తరచుగా అడుగుతూ ఉంటారు. కొన్ని కేంద్రాలు విద్యార్థి అన్న మాట వినగానే దరఖాస్తును పక్కన పెడతాయి. మరికొన్ని ఎవరు ముందు వస్తే వారి చేతికి అందిస్తాయి. ఈ రెండు పద్ధతుల్లోనూ దరఖాస్తుదారుడి పరిస్థితిని ఎవరూ పరిశీలించడం లేదు. విద్యార్థి కావడం అనర్హత కాదు, అర్హత కూడా కాదు. ఆ మనిషి గదిలో లేని రోజుల్లో కుందేలును ఎవరు చూస్తారు, చదువు పూర్తయిన తర్వాత అది ఎక్కడ ఉంటుంది అనే రెండు విషయాలకు సరిచూడదగిన సమాధానాలు ఉంటే ఇవ్వవచ్చు, లేకపోతే ఇవ్వకూడదు. ఆ సమాధానాలను ఎలా రాబట్టాలో, ఎలా సరిచూసుకోవాలో ఈ కింద వరుసగా ఇస్తున్నాను.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- కుందేలు వయసు, బరువు, లింగం, పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్స వివరాలు, టీకాల వివరాలు, మునుపటి జబ్బులు రాసిన ఒక పత్రం. వయసు కచ్చితంగా తెలియకపోతే పశువైద్యుడి అంచనాను రాయండి.
- కోర్సు ముగిసే నెల, సెలవుల కాలం, పరీక్షల కాలం అడిగే దరఖాస్తు ఫారం. సాధారణ దత్తత ఫారంలో ఇవి ఉండవు కనుక వీటిని ప్రత్యేకంగా చేర్చుకోవాలి.
- నివాస యజమాని లేదా హాస్టల్ కార్యాలయం ఇచ్చే అనుమతి పత్రానికి ఒక నమూనా.
- విద్యార్థి లేనప్పుడు కుందేలును చూసే రెండో బాధ్యుడు సంతకం చేయడానికి చోటున్న దత్తత ఒప్పందం.
- తూకపు యంత్రం, కొలత టేపు. రెండోది గదిని చూడటానికి వెళ్లినప్పుడు కావాలి.

1. కుందేలు వయసునూ కోర్సు కాలాన్నీ పక్కపక్కన రాయండి

మిగిలిన దశలన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి తొందరపడకండి. ఇంట్లో సక్రమంగా పెరిగిన కుందేలు సాధారణంగా 8 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. ఏడాది వయసున్న కుందేలును రెండో సంవత్సరం చదువుతున్న విద్యార్థి తీసుకుంటే, ఆ కుందేలు జీవితంలో విద్యార్థి దశలో గడిచేది ఏడాదో రెండేళ్లో మాత్రమే. మిగతా ఐదు నుంచి పదేళ్ల కాలం ఉద్యోగం వెతుక్కోవడంలో, ఊరు మారడంలో, బహుశా పెళ్లిలో, పిల్లల పెంపకంలో గడిచిపోతుంది. అంటే మీరు నిజంగా దత్తత ఇస్తున్నది ఇంకా ఉద్యోగం లేని, చిరునామా తెలియని రేపటి మనిషికి. ఈ సంగతిని దరఖాస్తుదారుడితో కాగితం మీద లెక్క వేయించండి. నోటితో చెబితే అందరూ తల ఊపుతారు. ఏ సంవత్సరంలో తన వయసు ఎంత, కుందేలు వయసు ఎంత అన్నది తన చేతితో రాసుకున్నప్పుడు కొందరు తమంతట తామే ఆలోచనలో పడతారు.

ఇదే లెక్కను ఆరేళ్ల కుందేలుతో వేసి చూడండి. దానికి మిగిలిన కాలం సుమారుగా రెండు నుంచి ఆరేళ్లు. నాలుగేళ్ల కోర్సులో ఇప్పుడే చేరిన విద్యార్థికి, లేదా దీర్ఘకాలిక పరిశోధనలో ఉన్న విద్యార్థికి ఇది చక్కగా సరిపోవచ్చు. పెద్ద వయసు కుందేళ్లను అడిగేవారు తక్కువ కాబట్టి కేంద్రాల్లో అవే ఎక్కువ కాలం మిగిలిపోతాయి. విద్యార్థుల దరఖాస్తులను పూర్తిగా నిరాకరించే కేంద్రాలు ఈ అవకాశాన్ని చేజార్చుకుంటున్నాయని నా అభిప్రాయం.

హెచ్చరిక: వయసు పైబడిన కుందేలుకు పళ్ల సమస్యలు, కీళ్ల నొప్పులు, మూత్రపిండాల జబ్బులు వచ్చే అవకాశం ఎక్కువ. ఉండే కాలం తక్కువ కనుక ఖర్చు కూడా తక్కువే అనే ధోరణిలో దరఖాస్తుదారుడు మాట్లాడితే అక్కడే సరిదిద్దండి.

2. నివాస అనుమతిని రాతపూర్వకంగా తీసుకోండి

"మా ఇంటి యజమాని ఏమీ అనరు" అన్న మాటను అనుమతిగా లెక్కించకండి. పత్రంలో కుందేలు అన్న పేరు, ఎన్ని కుందేళ్లు, ఏ గది, ఏ కాలానికి అన్న వివరాలు ఉండాలి. "చిన్న పెంపుడు జంతువులకు అభ్యంతరం లేదు" అని మాత్రమే రాసి ఉంటే, అది గాజు తొట్టిలోని చేపలను ఉద్దేశించి రాసిన వాక్యం కావచ్చు. పత్రం ఇచ్చినవారితో నేరుగా మాట్లాడి నిర్ధారించుకోండి.

విశ్వవిద్యాలయ హాస్టళ్లలో ఎక్కువ భాగం జంతువులను అనుమతించవు. నిబంధన ఉన్నా దాచి పెంచుతామని చెప్పే దరఖాస్తుకు మాత్రం మినహాయింపు లేకుండా కాదనండి. తనిఖీ జరిగిన ప్రతిసారీ ఆ కుందేలు బీరువాలోకో సంచిలోకో పోతుంది, జబ్బు చేసినా బయటకు తీసుకువెళ్లడానికి భయపడతారు, దొరికిన రోజున గంటల వ్యవధిలో దాన్ని ఎక్కడికో పంపవలసి వస్తుంది.

ప్రత్యామ్నాయం: విద్యార్థి హాస్టల్లో ఉంటూ కుందేలును తల్లిదండ్రుల ఇంట్లో ఉంచుతానంటే, అసలు దత్తత తీసుకుంటున్నది తల్లిదండ్రులేనని గుర్తించండి. ఫారం వారి పేరున నింపించి, వారితోనే మాట్లాడి, వారి ఇంటినే చూడండి.

3. గదిని కళ్లతో చూడండి

స్వయంగా వెళ్లడం మేలు. వీలుకాకపోతే వీడియో కాల్‌లో గది నాలుగు మూలలూ, తలుపు కిందా, మంచం కిందా చూపించమనండి. ఫోటోలు చాలవు, ఎందుకంటే ఫోటో తీసేవారు తీగలను పక్కకు జరిపి తీస్తారు.

స్థలం: బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ అండ్ ఫండ్ ఒక జత కుందేళ్లకు కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు ఉన్న చోటు ఎల్లవేళలా అందుబాటులో ఉండాలని సిఫార్సు చేస్తోంది. విద్యార్థి గదిలో ఇంత చోటును కంచె కట్టి విడిగా కేటాయించడం చాలాసార్లు కుదరదు. అలాంటప్పుడు గది మొత్తాన్నీ కుందేలుకు సురక్షితంగా మార్చి, అందులోనే స్వేచ్ఛగా తిరగనివ్వడం ఆచరణీయమైన మార్గం. పంజరాన్ని నిద్రకూ మేతకూ తలుపు తెరిచి ఉంచే గూడుగా అంగీకరించవచ్చు కానీ, తరగతులకు వెళ్లిన ఎనిమిది గంటలూ అందులో మూసి ఉంచే ఏర్పాటును అంగీకరించకండి.

వేడి: కుందేళ్లకు చెమట పట్టదు, ఒంట్లోని వేడిని ఎక్కువగా చెవుల ద్వారా వదులుతాయి. 15 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ వాటికి హాయిగా ఉంటుంది. గది 30 డిగ్రీల దరిదాపులకు చేరితే వడదెబ్బ ప్రమాదం ఉంటుంది. విద్యార్థులకు అద్దెకు దొరికే గదులు పై అంతస్తులో, కప్పు కింద ఉండటం సాధారణం కనుక మధ్యాహ్నం మూడు గంటలకు గదిలో ఉష్ణోగ్రత ఎంత ఉంటుందో కొలిచి చెప్పమనండి.

తీగలు: ల్యాప్‌టాప్ ఛార్జర్, టేబుల్ ల్యాంప్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఈ మూడూ నేల మీదే ఉంటాయి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కాబట్టి కొరకడం దాని స్వభావం. తీగలను గట్టి గొట్టాల్లో పెట్టాలి లేదా అందని ఎత్తుకు చేర్చాలి. "కొరకకుండా నేర్పిస్తాను" అన్న సమాధానం వస్తే ఈ దశలో తప్పినట్టే లెక్క.

4. ఒకే ఇంట్లో ఉండేవారితో మాట్లాడండి

గదిని పంచుకునేవారు ఉంటే వారందరి అంగీకారం కావాలి. కుందేలు బొచ్చు పడనివారే కాక, ఎండుగడ్డి దుమ్ముకు తుమ్ములు వచ్చేవారు కూడా ఉంటారు. కాబట్టి దత్తతకు ముందే ఒక సంచి గడ్డిని ఆ ఇంటికి పంపి వారం రోజులు ఉంచమనడం మంచి పరీక్ష. పొగ తాగేవారు, అర్ధరాత్రి దాకా పెద్ద శబ్దంతో పాటలు పెట్టేవారు, కుక్కనో పిల్లినో తీసుకువచ్చే స్నేహితులు ఉన్నారా అని కూడా అడగండి.

5. ఒక వారం దినచర్యను గంటల వారీగా రాయించండి

కుందేళ్లు తెల్లవారుజామునా, సాయంత్రం పూటా చురుగ్గా ఉంటాయి. పగటిపూట ఎక్కువ భాగం విశ్రాంతి తీసుకుంటాయి. పగలు తరగతులకు వెళ్లి సాయంత్రం గదికి చేరే విద్యార్థి దినచర్య దీనికి అంతగా అడ్డు రాదు. సాయంత్రం కూడా పార్ట్‌టైమ్ ఉద్యోగం ఉన్నవారి విషయంలోనే జాగ్రత్త అవసరం. రాయించిన పట్టికలో రోజూ రెండు పూటలా కుందేలును దగ్గరగా చూసే సమయం ఉందా, వాటిలో ఒకటి తెల్లవారి లేవని రోజున కూడా నిలుస్తుందా అని చూడండి.

6. సెలవులకూ ఆకస్మిక పరిస్థితులకూ రెండో బాధ్యుడిని నిర్ణయించండి

నేను ఎక్కువ సమయం తీసుకునేది ఈ దశ దగ్గరే. కుందేలు పేగుల పని ఆగకుండా సాగాలంటే పీచు నిరంతరం లోపలికి వెళ్తూ ఉండాలి. మేత మానేసి, పెంటికలు వేయడం మానేసి 12 గంటలు గడిచిందంటే అది అత్యవసర పరిస్థితి; అంతకు ముందే పశువైద్యుడికి ఫోన్ చేయడం మంచిది. అందువల్ల శనివారం ఉదయం వెళ్లి ఆదివారం రాత్రి వచ్చే ప్రయాణానికి కూడా ఎవరో ఒకరు వచ్చి చూడవలసిందే. గిన్నె నిండా మేత, నీళ్లు పెట్టి వెళ్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మేత అయిపోవడం కంటే, మేత ముట్టని సంగతి ఎవరికీ తెలియకపోవడం పెద్ద ప్రమాదం.

రెండో బాధ్యుడు అదే కోర్సు చదువుతున్న స్నేహితుడు కాకూడదు, ఎందుకంటే ఇద్దరికీ పరీక్షలూ సెలవులూ ఒకేసారి వస్తాయి. అదే ఊళ్లో స్థిరంగా ఉండే బంధువు, ఉద్యోగి, లేదా ఇంటి యజమాని అయితే మేలు. ఆయనతో లేదా ఆమెతో మీరే మాట్లాడి, తమకు ఈ బాధ్యత ఉందని తెలుసా, జబ్బు చేసిన కుందేలును వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లగలరా, ఖర్చు విషయంలో నిర్ణయం తీసుకునే అధికారం వారికి ఉందా అని అడగండి. తన పేరు ఫారంలో ఉన్న సంగతే తెలియని రెండో బాధ్యులు తక్కువేమీ కాదు.

ప్రత్యామ్నాయం: అలాంటి మనిషి దొరకనప్పుడు, సెలవుల్లో కుందేలును మీ కేంద్రమే తీసుకుని ఉంచగలదా అని ఆలోచించండి. వీలవుతుందంటే ఆ తేదీలను ఒప్పందంలోనే రాయండి, నోటి మాటగా వదిలేయకండి.

7. ఖర్చుల పట్టికను వారి చేత వేయించండి

ఎండుగడ్డి, కొద్దిపాటి గుళికల మేత, ఆకుకూరలు, ట్రేలో వేసే కాగితపు పొట్టు, గోళ్ల కత్తిరింపు, వార్షిక వైద్య పరీక్ష, టీకాలు అన్న వరుసలతో ఖాళీ పట్టిక ఇచ్చి, ధరలను తామే కనుక్కుని నింపుకు రమ్మనండి. ధరలు కనుక్కోవడానికి తిరిగినప్పుడే దగ్గర్లో కుందేళ్లకు వైద్యం చేయడం తెలిసిన పశువైద్యుడు ఉన్నారో లేదో కూడా బయటపడుతుంది. కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే ప్రతి ఆసుపత్రీ కుందేళ్లను చూడదు. చివరి వరుసలో అత్యవసర చికిత్సకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రాయించండి. తల్లిదండ్రులు ఇస్తారని రాస్తే వారిని అడిగి నిర్ధారించుకోండి.

మీ వైపు నుంచి చేయవలసింది ఒకటి ఉంది. పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్సను దత్తతకు ముందే పూర్తి చేయించండి. శస్త్రచికిత్స జరగని ఆడ కుందేళ్లలో వయసు పెరిగేకొద్దీ గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువగా కనిపిస్తుంది, మగవి మూత్రం చిమ్ముతాయి, రెండూ కోపిష్టిగా మారవచ్చు. తర్వాత చేయించుకుంటామని విద్యార్థి ఇచ్చే హామీ సెమిస్టర్ ఫీజు కట్టే నెలలో వాయిదా పడుతుంది. కుందేళ్లకు ప్రాణాంతకమైన వైరస్ జబ్బులు మిక్సోమటోసిస్, ఆర్‌హెచ్‌డీలకు టీకాలు లభించే దేశాల్లో మొదటి విడతను కూడా మీరే వేయించి ఇవ్వండి.

8. కేంద్రానికి పిలిచి పని చేయించండి

అరగంట సేపు కుందేలు ఉన్న చోట నేల మీద కూర్చోమనండి, ఇంకేమీ చెప్పకండి. కుందేలు తనంతట తాను వచ్చి వాసన చూసే దాకా ఆగినవారు ఒక రకం, వచ్చిన వెంటనే ఎత్తుకుని ఫోన్‌లో ఫోటో తీసుకున్నవారు ఇంకో రకం. రెండో రకం వారిని వెంటనే తిరస్కరించనక్కరలేదు. చాలా కుందేళ్లకు ఎత్తుకోవడం నచ్చదనీ, భయపడి వెనక కాళ్లతో బలంగా తన్నినప్పుడు వెన్నెముక విరిగే ప్రమాదం ఉందనీ, చెవులు పట్టుకుని ఎన్నడూ ఎత్తకూడదనీ వివరించి మరోసారి పిలవండి. చెప్పినదాన్ని రెండోసారి పాటించారా అన్నదే మీరు చూడవలసింది.

తర్వాత ట్రే శుభ్రం చేయించండి, మేత పెట్టించండి, తూకం వేయించండి. మేతలో ఎండుగడ్డిది ప్రధాన స్థానం, అది ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. గుళికల మేత కిలో బరువుకు రోజుకు సుమారు 25 గ్రాములు దాటనక్కరలేదు. కుందేలు తన మెత్తని పెంటికలను తానే తినడం చూసి కంగారు పడకూడదని, అది దాని జీర్ణక్రియలో భాగమని ఇక్కడే చెప్పండి.

చివరగా ఈ ప్రశ్న వేయండి: "రాత్రి పది గంటలైంది. సాయంత్రం నుంచి కుందేలు మేత ముట్టలేదు, ట్రేలో పెంటికలు లేవు, మూలన ముడుచుకుని కూర్చుని పళ్లు నూరుతోంది. రేపు ఉదయం మీకు పరీక్ష. ఏం చేస్తారు?" పశువైద్యుడికి ఫోన్ చేస్తాను, రెండో బాధ్యుడిని పిలుస్తాను, దగ్గర్లో రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి ఫలానా చోట ఉంది అన్న వరుసలో సమాధానం రావాలి. ఉదయం దాకా చూస్తానన్నా, ఇంటర్నెట్‌లో వెతికి మందు వేస్తానన్నా నిర్ణయాన్ని వాయిదా వేయండి.

హెచ్చరిక: కుక్కలకు గోమార్ల కోసం వాడే ఫిప్రోనిల్ కుందేళ్లకు ప్రమాదకరం. మనుషులకు మామూలుగా ఇచ్చే అమాక్సిసిలిన్ వంటి పెన్సిలిన్ రకాలను నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు దెబ్బతిని కుందేలు చనిపోవచ్చు. ఈ రెండు పేర్లనూ దత్తత పత్రాలతో పాటు ఇచ్చే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి.

9. దరఖాస్తుకు సరిపడే కుందేలును మీరే సూచించండి

నచ్చిన రంగును బట్టి ఎంచుకోనివ్వకుండా, ఇప్పటిదాకా సేకరించిన వివరాలను బట్టి మీరు ఒకటి రెండు పేర్లు ముందు పెట్టండి. పగలంతా ఖాళీగా ఉండే గదికి, ఇప్పటికే స్నేహం కుదిరిన జత అన్నిటికంటే బాగా సరిపోతుంది. ఒక్క కుందేలు అయితే పని తేలిక అని అనుకుంటారు గానీ, ఒంటరి కుందేలుకు తోడుగా ఉండవలసిన సమయం మొత్తం మనిషి మీదే పడుతుంది; అదే జత అయితే ట్రే కాస్త త్వరగా నిండుతుందే తప్ప రోజువారీ పని రెట్టింపు కాదు. వైద్య ఖర్చు మాత్రం రెట్టింపు అవుతుందని ఏడో దశలోని పట్టికలో చూపించండి.

ఇప్పుడు ఒకటి ఇచ్చి, తర్వాత మరొకదాన్ని జత చేద్దామనే ఆలోచన విద్యార్థుల విషయంలో మంచిది కాదు. కొత్త కుందేళ్లకు స్నేహం కుదర్చడానికి వారాలు పట్టవచ్చు, ఆ కాలమంతా రెండు విడి స్థలాలు కావాలి, కొట్లాటలో గాయాలు కావచ్చు.

10. సొంతం చేసే ముందు తాత్కాలిక సంరక్షణకు ఇవ్వండి

నాలుగు వారాలు చాలు. కుందేలు మీ కేంద్రానికి చెందినదిగానే ఉంటుంది, వైద్య నిర్ణయాలు మీవే. ఈ కాలం చివర్లో పరీక్షల వారం కలిసేలా తేదీలు చూసుకోండి. పరీక్షలు మొదలయ్యే ముందు రోజున మాత్రం ఇవ్వకండి, కొత్త చోటికి వచ్చిన బెదురుతో కుందేలు మేత తగ్గించే రోజులు కూడా అవే అవుతాయి. తీరిక రోజుల్లో ఎవరైనా బాగానే చూసుకుంటారు కాబట్టి, సెలవుల్లో జరిపిన నాలుగు వారాల ప్రయోగం మీకు ఏమీ చెప్పదు.

11. ఒప్పందం రాయండి

ఏ కారణం చేతనైనా, ఎప్పుడైనా కుందేలును మీ కేంద్రానికే తిరిగి ఇవ్వాలనీ, మూడో వ్యక్తికి ఇవ్వకూడదనీ, చిరునామా మారితే పదిహేను రోజుల ముందు తెలియజేయాలనీ, కోర్సు ముగిసే నెలకు మూడు నెలల ముందు మీతో మాట్లాడాలనీ రాయండి. విద్యార్థి, రెండో బాధ్యుడు, మీరు, ముగ్గురూ సంతకం చేయాలి. అనుమతి పత్రాన్ని దీనికే జతపరచండి. దరఖాస్తుదారుడి వ్యక్తిగత పత్రాల నకళ్లను మాత్రం అవసరానికి మించి మీ దగ్గర పెట్టుకోకండి.

సాధారణంగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది విద్యార్థులందరినీ ఒకే మాటతో తిప్పి పంపడం. కుందేలు కావాలనుకున్న మనిషి మీరు కాదన్నంత మాత్రాన ఆగిపోకపోవచ్చు. అమ్మకానికి పెట్టిన చోట ఏ ప్రశ్నా లేకుండా ఆరు వారాల పిల్లను కొనుక్కోవడం చాలా తేలిక. దానికి శస్త్రచికిత్స ఉండదు, ఒప్పందం ఉండదు, తిరిగి తీసుకునేవారూ ఉండరు. ఏడాది తర్వాత అది మీ గుమ్మం ముందుకే రావచ్చు.

రెండోది ఉత్సాహాన్ని సంసిద్ధతగా పొరబడటం. కుందేళ్ల జాతుల పేర్లన్నీ చెప్పగలిగిన దరఖాస్తుదారుడికి రాత్రిపూట ఆసుపత్రి ఎక్కడుందో తెలియకపోవచ్చు. పశువైద్య విద్యార్థుల విషయంలో ఈ పొరపాటు మరింత సులభంగా జరుగుతుంది. వారి చదువు కుందేలుకు ఉపయోగపడుతుంది నిజమే, కానీ వారి గది, వారి సెలవులు మిగతావారి గదుల్లాంటివే, సెలవుల్లాంటివే.

ఒత్తిడిలో ఉన్న విద్యార్థికి కుందేలు మనశ్శాంతిని ఇస్తుందని సిఫార్సు చేస్తూ ఎవరైనా ఉత్తరం రాయవచ్చు. ఆ మేలు నిజంగా కలగవచ్చు. అయితే ఒడిలో కూర్చుని నిమిరించుకునే జంతువును ఊహించుకుని వచ్చినవారికి, మంచం కింద దాక్కుని నెల రోజుల దాకా దగ్గరకు రాని కుందేలు నిరాశను మిగులుస్తుంది. ఎనిమిదో దశలోని అరగంటను ఇలాంటి దరఖాస్తులకు రెండు మూడు సార్లు జరపండి.

ఉద్యోగస్తులను ఈ ప్రశ్నలేవీ అడగకపోవడం కూడా పొరపాటే. వారూ ఊళ్లు మారుతారు, వారికీ అద్దె ఇళ్లే ఉంటాయి. ఫారంలో కోర్సు అన్న చోట ఉద్యోగ ఒప్పందం అని మార్చి అందరికీ ఇవ్వండి. దరఖాస్తుల గదిలో వాదనలు సగం తగ్గుతాయి.

కాదని చెప్పవలసి వచ్చినప్పుడు

ఏ దశలో ఆగిందో, ఏం మారితే మళ్లీ రావచ్చో ఒకే ఉత్తరంలో రాయండి. "మీ గదిలో అనుమతి లేదు, అనుమతి ఉన్న ఇంటికి మారిన తర్వాత మూడో దశ నుంచి కొనసాగిద్దాం" అన్నది సరైన తిరస్కరణ. కేంద్రంలో వారానికో పూట పని చేయడం, ఇళ్ల నుంచి వచ్చే కుందేళ్లను వాహనంలో చేర్చడం, సెమిస్టర్ మధ్యలో కొద్ది వారాల తాత్కాలిక సంరక్షణ వంటి వాటిని అదే ఉత్తరంలో సూచించండి. వీటిలో ఆరు నెలలు నిలకడగా ఉన్న మనిషి రెండోసారి దరఖాస్తు పెట్టినప్పుడు మీరు అడగవలసిన ప్రశ్నలు చాలా తక్కువ ఉంటాయి.

దత్తత సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుసుకోవాలి

రెండో రోజున ట్రే ఫోటో పంపమనండి. పెంటికలు గుండ్రంగా, ఒకే పరిమాణంలో, విరిచి చూస్తే లోపల గడ్డి పీచు కనిపించేలా ఉండాలి. చిన్నవిగా, కొద్దిగా, లేదా వెంట్రుకలతో దండలా గుచ్చుకుని ఉంటే గడ్డి ఎంత తింటోందో వెంటనే కనుక్కోండి. అసలు లేకపోతే ఫోటో గురించి మాట్లాడుతూ కూర్చోకుండా పశువైద్యుడి దగ్గరకు పంపండి.

మొదటి నెలలో వారానికి ఒకసారి, తర్వాత నెలకొకసారి బరువు అడగండి. పెద్ద కుందేలు బరువులో పదో వంతు తగ్గితే, అది పైకి ఎంత హుషారుగా ఉన్నా వైద్య పరీక్ష అవసరం. కుందేళ్లు నొప్పిని దాచుకుంటాయి. వేడి నెలల్లో రోజూ తోక కింది భాగాన్ని చూస్తున్నారా అని అడగండి, అక్కడ తడి, మలినం ఉంటే ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పట్టడానికి ఒక్క రోజు చాలు.

పరీక్షల కాలంలో మీరే ఒకసారి ఫోన్ చేయండి. "బాగానే ఉందా" అని అడిగితే "బాగానే ఉంది" అనే సమాధానమే వస్తుంది. "నిన్న రాత్రి ఎన్ని గంటలకు గడ్డి వేశారు, గోళ్లు చివరిసారి ఎప్పుడు కత్తిరించారు" అని అడగండి. గోళ్లను సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి చూసుకోవాలి, ఆ తేదీ గుర్తున్నవారికి మిగతావి కూడా గుర్తుంటాయి.

కోర్సు ముగియడానికి మూడు నెలల ముందు జరిగే సంభాషణకు మూడు ఫలితాలు ఉండవచ్చు. విద్యార్థి అదే ఊళ్లో ఉంటే కొత్త ఇంటి అనుమతి పత్రం తీసుకుని మూడో దశను మళ్లీ జరపండి. వేరే ఊరికి వెళ్తుంటే అక్కడి పశువైద్యుడి వివరాలు ముందే అడగండి. ప్రయాణానికి ముందు కుందేలును పస్తు ఉంచకూడదనీ, పెట్టెలో గడ్డి, నీరు ఉండాలనీ, విమానంలో వెళ్లాలంటే చాలా సంస్థలు కుందేళ్లను ప్రయాణికుల గదిలోకి అనుమతించవు కనుక ముందుగా కనుక్కోవాలనీ చెప్పండి. తీసుకువెళ్లలేనంటే, కొత్త ఇల్లు వెతకడానికి మీకు సమయం ఉండేలా కనీసం నెల రోజుల ముందు తిరిగి అప్పగించమనండి. వైద్య పత్రాలు, బరువుల పట్టిక, అలవాటైన మేత రకం, జత ఉంటే రెండో కుందేలు, ఇవన్నీ కలిపి ఒకేసారి తీసుకోండి.